దొంగ అన్న మాట

మా ఆయన జడ్జి కాదు, లిఫ్టు మెకానిక్కు. అయినా ఫోనులో కోర్టు నడుపుతాడు. ఊళ్లో లిఫ్టులు బాగుచేసే వాళ్లందరికీ ఒక గ్రూపు పెట్టి, దానికి తానే కాపలా కాస్తున్నాడు. ఏ లిఫ్టు ఎందుకు మొరాయిస్తోంది, తర్వాత వెళ్లేవాడు ఏం చూసుకోవాలి, అన్నీ అందులోనే చెప్పుకుంటారు. అన్నం ముందు పెట్టుకుని కూడా దాన్నే చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

అందులో ఇద్దరికి ఒక పాత మోటారు దగ్గర పేచీ వచ్చింది. నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని మొదలుపెట్టి పెళ్లాం బిడ్డల దాకా వెళ్లారు. మా ఆయన ఇద్దరినీ సమానంగా మందలించి, దొంగ అన్న మాటనే నిషేధించాడు. ఆ మాటున్న పోస్టు దానంతటదే ఆగిపోతుంది. ఈయన చూసి వదిలితేనే నలుగురికీ కనిపిస్తుంది.

మా తమ్ముడికి అది నచ్చలేదు. వాడిదీ అదే పని, ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. లిఫ్టు తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. తలుపు సరిగ్గా పడటం లేదంటే దాన్ని బాగుచేయకుండా, కొందరు బద్ధకస్తులు లోపల ఒక వైరు ముక్క కలిపేసి చక్కా పోతారు. ఇక తలుపు బార్లా తెరిచినా లిఫ్టు నడుస్తుంది. ఆ వైరు ముక్కను వీళ్లు దొంగ అంటారు.

"బావా, మనకి దొంగంటే మనిషి కాదు కదా. ఆ మాట ఆపేస్తే ఎలా?" అన్నాడు వాడు.

"బామ్మర్ది అడిగాడని సడలిస్తే నన్నేమంటారు? నీకో రూలు, వాళ్లకో రూలా? వైరు అని రాసుకోండి," అన్నాడు ఈయన.

నాకూ మా ఆయన మాటే సబబనిపించింది.

గ్రూపులో గ్రీజు తాత అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా గ్రీజే. ఆయన ఒక ఆఫీసు లిఫ్టు చూడబోయి, ఎవరో పెట్టిపోయిన వైరును కనిపెట్టాడు. దాన్ని తీస్తే లిఫ్టు ఆగిపోతుందని, జనం గోల చేస్తారని అక్కడి మేనేజరు చెయ్యి పెట్టనివ్వకుండా పంపించేశాడు. తాత అలవాటు కొద్దీ గ్రూపులో రాశాడు, బట్టల కొట్టు పక్క ఆఫీసు లిఫ్టులో దొంగ ఉంది, ఎవరూ లిఫ్టు కింద గోతిలోకి దిగకండి అని.

ఆ పోస్టు ఆగిపోయింది. పాత తగాదానే మళ్లీ రాజుకుందనుకుని, చల్లారాక చూద్దామని ఈయన తెరవలేదు. మర్నాడు అదే లిఫ్టు కింద ఏదో చప్పుడని మా తమ్ముణ్ణి పిలిస్తే, వెళ్తున్నానని గ్రూపులో పెట్టి బయల్దేరాడు. కింద దిగినవాడు లిఫ్టును ఆపుకోడానికి గోతిలో ఉండాల్సిన స్విచ్చు ఎప్పుడో విరిగిపోయిందట. తలుపు తెరిచే ఉంది కదా, కదలదులే అన్న ధైర్యంతో వాడు దిగాడు. పైన ఎవరో బటన్ నొక్కారు.

వాణ్ణి ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మను మొహం చూడనివ్వలేదు.

గ్రూపంతా తాత మీద పడింది. అంతకుముందు వెళ్లింది ఆయనే కాబట్టి వైరు పెట్టిందీ ఆయనే అన్నారు. ఇక ఎవరూ పనికి పిలవొద్దన్నారు. నేను ముందే రాశాను మొర్రో అని ఆయన ఎంత మొత్తుకున్నా, ఎక్కడ రాశావో చూపించమన్నారు. ఆగిపోయింది ఆయన ఫోనులోనూ కనిపించదు. ఆ ముసలాయన చేతులు పడిపోవాలని నేనూ శాపనార్థాలు పెట్టాను. మా ఆయన మాత్రం నోరు మెదపలేదు. దుఃఖం అనుకున్నాను.

కొన్నాళ్లకు వంటింట్లో నా కాళ్ల దగ్గర కూలబడి ఫోను చేతికిచ్చాడు. తాత రాసింది చదివాక నాకు ఏడుపు రాలేదు, చెయ్యి లేచింది. లేచిన చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"ఇది వదిలితే నన్ను బతకనివ్వరు," అన్నాడు.

"వదలకపోతే ఆయన్ని బతకనివ్వరు. ఏమైంది మీ న్యాయం?"

వదిలాడు. ఆ పోస్టు తాత రాసిన రోజు దగ్గరికే వెళ్లి కూర్చుంది. దాని తర్వాత వందల కొద్దీ తిట్లు. వెనక్కి వెళ్లి చూసిన పాపాన ఎవరూ పోలేదు. తన పని అయిపోయిందన్నట్టు ఈయన లేవబోయాడు. రెక్క పట్టి కూర్చోబెట్టి, నేనే రాయించాను. తాత హెచ్చరించాడు, ఆపింది నా రూలు, తెరిచి చూడనిది నేను అని.

తాత ఒక్కటే జవాబు పెట్టాడు. "నేను రాసింది కుర్రాడు చూశాడనుకున్నా. లేకుంటే ఫోన్ చేసేవాణ్ణి." పెట్టి, గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఆయన్ని ఆపిన వాడు లేడు. మిగతా వాళ్లంతా మా ఆయనను పొగడటం మొదలుపెట్టారు. తప్పు ఒప్పుకునే గుండె ఎవరికుంటుంది అన్నారు, గ్రూపుకు మీరే ఉండాలన్నారు, మీ అంత న్యాయస్థుణ్ణి చూడలేదన్నారు. దండాల బొమ్మలు, పూల బొమ్మలు. నిన్నటి దాకా తాతను తిట్టినవాళ్లే. ఈయన కళ్లు తుడుచుకుంటూ ఫోను నా వైపు తిప్పాడు. ఆ మొహంలో కాస్త ఊరట కనిపించింది.

"నాకెందుకు చూపిస్తారు?" అన్నాను. "గట్టిగా చదవండి. మా అమ్మ పక్క గదిలోనే ఉంది."