లూజైన అంగీలు

రమ్య నాలుగు అంగీలు తెచ్చి ప్రశాంతి కుట్టు మిషన్ మీద పెట్టింది. "అక్కా, మా ఆయనయి. జర టైట్ చెయ్యి. దసరాకు కుట్టిచ్చినం, అప్పుడే లూజైనయి."

ప్రశాంతి తలెత్తి చూసింది. వీధిలో బండి మీద కూర్చుని దగ్గుతున్నాడు రమ్య భర్త భిక్షపతి. ఆమెను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ప్రశాంతికీ అతనికీ ఏడాదిగా పరిచయం. సిద్దిపేట పెద్ద దవాఖానలో హెచ్ఐవీ మందులిచ్చే గది ముందు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ప్రశాంతి మనసు విప్పి మాట్లాడేది అక్కడే. గేటు దాటితే మాత్రం ఒకరికొకరు ఎవరో తెలియనట్టే నడిచేవారు. రమ్యకు చెప్పమనీ, ఆమెకూ పరీక్ష చేయించమనీ ప్రశాంతి ఎన్నిసార్లన్నా అతను మందుల సంచి పట్టుకుని లేచిపోయేవాడు. రెండు నెలలుగా అసలు అక్కడ కనబడనే లేదు.

ఆ దగ్గు ఆమెకు తెలుసు. మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల మీద పనిచేసి వచ్చిన ఆమె భర్త ముత్తయ్య కూడా ఇలాగే దగ్గాడు. పడిశమనుకుని కషాయాలు తాగించింది. టీబీ అని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది.

"కొలత చూడాలె," అని రమ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లింది.

"ఎన్నొద్దులాయె ఈ దగ్గు?" గొంతు తగ్గించి అడిగింది.

"మిల్లుల తవుడు దుమ్ము. ఏం గాదు."

"జ్వరం వస్తుందా? చెమటలు?"

అతను బండి తాళంచెవి తిప్పాడు.

"మనసొంటోళ్లకు టీబీ జల్ది వస్తది తమ్మీ. రేపే పోయి తెమడ పరీక్ష చేయించుకో. మా ఆయన గిట్లనే పోయిండు."

"నువ్వెవరో నాకెరుక లేదు," అంటూ బండి స్టార్ట్ చేశాడు. రమ్య గబగబా వచ్చి వెనక కూర్చుంది. పోతూ పోతూ ప్రశాంతి వైపు తిరిగి చూసింది.

అంగీల కోసం ఎవరూ రాలేదు. కొద్దిరోజులకు ఆ వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, కుట్టడానికిచ్చిన జాకెట్ బట్టలు వాపసు తీసుకుపోయారు. "పెండ్లి వాయిదా వడ్డది," అంది ఒకామె. మరొకామె బట్టలను చెయ్యి తగలకుండా కొంగుతో పట్టుకుని సంచిలో వేసుకుంది.

తర్వాతి నెల దవాఖానలో భిక్షపతి కనిపించాడు. మూతికి మాస్కు ఉంది. బెంచీ దాకా రాకుండా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

"టీబీయేనట అక్కా. మందులు మొదలువెట్టిన్రు. ఇంకింత ఆలస్యమైతే కష్టమైతుండె అన్నరు."

"రమ్య?"

"చెప్పిన. ఆమెకు గూడ పరీక్షలు చేసిన్రు, ఏం లేదు. నాతోని మాట్లాడ్తలేదు గని, గోలీలు మాత్రం యాల్లకు అందిస్తది." మాస్కు సర్దుకున్నాడు. "నా రోగం నీకెట్ల తెలుసని ఒకటే అడిగింది. నీ సంగతి గూడ చెప్పిన."

ఆ సంగతి ఆడవాళ్లు బట్టలు వాపసు తీసుకుపోయినప్పుడే ప్రశాంతికి అర్థమైంది. కోపం వస్తుందనుకుంది, రాలేదు.

"నడిమిట్ల గోలీలు ఆపకు," అంది.

అతను ఇంకేదో అనబోయాడు. లోపలి నుంచి పేరు పిలవడంతో వెళ్లిపోయాడు.

ఆటోలో వచ్చి ఆమె దుకాణం తెరిచింది. సాయంత్రం దాకా ఎవరూ గడప తొక్కలేదు. మిషన్ చప్పుడైనా వినబడుతుందని, చినిగిన దిండు గలేబు ఒకటి తీసి కుట్టుకుంటూ కూర్చుంది.