శ్యామలాదేవి కోసం ప్రార్థన

"చేపలు ఇంకా తోమలేదా? ప్రేమరాజన్న వాళ్లు పదకొండింటికల్లా దిగిపోతారు," అన్నాడు ఐజక్, మంచం మీంచి లేవకుండానే.

దయారాణి ఇంకో చేప అందుకుంది. సింకులో నాలుగు కేజీల షేరీ చేపలున్నాయి. దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రమించాడట. ఆయనకి పదిమందికి పులుసు కాచే పని లేదు గనక సరిపోయింది. ఆసుపత్రిలో ఆరు రోజులూ నిలబడ్డ కాళ్లు సెలవు రోజైన శుక్రవారం, గల్ఫులో సత్వా పేటలోని ఈ ఒంటి గది ఫ్లాట్‌లో, పొయ్యి ముందు నిలబడతాయి. కాస్త కూర్చోమని చెప్పే దిక్కు లేదు. పైగా ఇవాళ మామూలు కూడిక కాదు, కృతజ్ఞతా కూడిక. దయారాణి మెడికల్ వార్డు ఇన్‌ఛార్జి అయినందుకు ఐజక్ దేవుడికి మొక్కు చెల్లిస్తున్నాడు. మొక్కు ఆయనది, చాకిరీ ఈమెది. ఐజక్ ఉంటున్నదే ఆమె తీసిన వీసా మీద. ఇక్కడ భార్య భర్తకి వీసా తియ్యాలంటే ఆమె ఏ నర్సో డాక్టరో అయ్యుండాలి. ఆ మాట ఒక్కసారి నోరు జారినందుకు, "వీసా తీసినంత మాత్రాన నువ్వు మొగుడివైపోవు," అన్నాడు. ఆ తర్వాత మూడేళ్లయినా ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పొలుసు ఎగిరి మొహానికి అంటుకుంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కళ్ల ముందు థాండి మొహమే ఆడుతోంది.

థాండి దక్షిణాఫ్రికా నర్సు. పక్క వార్డులో పని. మనిషి నిండుగా, నల్లగా, గలగలా నవ్వుతూ ఉంటుంది. నెల కిందట మేట్రన్ ఆమెని మెడికల్ వార్డు ఇన్‌ఛార్జిని చేస్తానంది. ఆ రోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ థాండి దయారాణి చెయ్యి పట్టుకుని మనసు విప్పింది. "మా అమ్మ ముప్పై ఏళ్లు ఒకే ఆసుపత్రిలో నేల తుడిచింది. తెల్లవాళ్ల రాజ్యం పోయాక మా ప్రభుత్వం చట్టం తెచ్చింది, ఉద్యోగాల్లో నల్లవాళ్లకీ ఆడవాళ్లకీ రావాల్సిన చోటు రావాలని. ఆ చట్టం వల్ల నేను అదే ఆసుపత్రిలో ఇన్‌ఛార్జినయ్యాను. తెల్ల నర్సులు నన్ను 'కోటా సిస్టర్' అనేవాళ్లు. ఇక్కడ ఎవరూ అలా అనరు కదా, అందుకే ఈ పోస్టంటే నాకింత ఆశ." కప్పు పక్కన పెట్టి అడిగింది, "మీ దేశంలో అలాంటి చట్టాలున్నాయా?"

"ఏమో, నాకు తెలీదు," అంది దయారాణి.

తెలీకపోవడమేం? ఆమె పేరే అందుకు సాక్షి. చర్చి రిజిస్టర్లో ఆమె దయారాణి. బడి రిజిస్టర్లో శ్యామలాదేవి. క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు గనక, వాళ్ల పేటలో పిల్లలందరికీ బాప్తిస్మానికి ఒక పేరూ బడికి ఒక పేరూ ఉండేవి. బళ్లో వేసిన రోజు అమ్మ చిట్టెమ్మ చెవిలో చెప్పింది, "సారు పిలిస్తే శ్యామలా అనంగానే పలకాలమ్మా, మర్చిపోతే నీ చదువు పోద్ది." ఆమె మర్చిపోలేదు. గుంటూరులో నర్సింగు సీటు శ్యామలాదేవికే వచ్చింది. పాస్‌పోర్టూ, ఆసుపత్రి బ్యాడ్జీ, ఐజక్ వీసా కాగితం, అన్నిటి మీదా శ్యామలాదేవే. పెళ్లిచూపుల్లో అత్తగారు ఎగాదిగా చూసి, "పిల్ల నలుపే. పోనీలే, గవర్నమెంటు సీటు నర్సు," అని కాఫీ తాగింది. ఆ సీటు అప్పుడు ఎవరికీ చేదు కాలేదు.

థాండి చెప్పింది కడుపులో దాచుకుంటే సరిపోయేది. ఇంటికొచ్చి చపాతీలు వత్తుతూ ఐజక్‌తో చెప్పేసింది. పదేళ్ల కాపరంలో ఆయన ఆమె మాట చెవిన పెట్టింది ఆ ఒక్కరోజే.

పోయిన శుక్రవారం ప్రార్థన అయ్యాక ఐజక్ టైపు చేయించిన కాగితం బయటికి తీశాడు. ముదీర్‌కి, అంటే ఆసుపత్రి పెద్దకి, థాండి మీద అర్జీ. చట్టం పుణ్యమా అని కోటాలో పైకొచ్చిన మనిషి చేతికి రోగుల ప్రాణాలు అప్పగించడం ప్రమాదమని అందులో రాసుంది. అదే ఆసుపత్రిలో చేసే హెప్సీ ముందు సంతకం పెట్టింది. అక్కడే పనిచేసే షర్మిల కూడా పెట్టింది. కాగితం దయారాణి ముందుకొచ్చింది.

"నేను పెట్టనండీ. ఆమె మంచిది," అంది, తనకే వినపడనంత మెల్లగా.

"ఏంటే, ఆ నల్లదాని కింద చేస్తావా? సీనియారిటీలో తర్వాత నువ్వేగా! నీ మంచికే గదా నేను తిరిగేది," అన్నాడు ఐజక్ అందరి ముందూ.

"పెట్టమ్మా, కుటుంబం కోసం," అన్నాడు సంఘ పెద్ద ప్రేమరాజు. హెప్సీ పెన్ను మూత తీసి అందించింది. పొయ్యి మీద చారు పొంగుతోంది. పదిమంది భోజనానికి కాచుకున్నారు. ఆమె పెట్టింది. ఆసుపత్రి కాగితం కదా, శ్యామలాదేవి అనే పెట్టింది.

సోమవారానికల్లా ఖలాస్. థాండిని ఓపీకి మార్చారు. దయారాణిని ఇన్‌ఛార్జిని చేశారు. పరాయి దేశంలో ఎవరి చట్టం ఎవరికి అడ్డం వస్తుంది? మందుల బీరువా తాళాలు మేట్రన్ బల్ల మీది నుంచి థాండే తెచ్చి ఇచ్చింది. "నీకొచ్చింది, సంతోషం," అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆ కోటా సంగతి ఇక్కడ నీకొక్కదానికే చెప్పాను శ్యామలా," అంది. కోపంగా అన్నా బాగుండేది. దయారాణి క్షమించమని కూడా అడగలేకపోయింది. అడిగితే మాత్రం ఆ తాళాలు వెనక్కి పోతాయా?

పులుసు దించేసరికి అందరూ వచ్చేశారు. పదకొండు మంది కిందే చాప మీద కూర్చున్నారు. పాట అయింది, వాక్యం అయింది. ఇక ప్రార్థన చీటీలు. ఎవరి అక్కర వాళ్లు, పేరు పెట్టకుండా, ఒక ముక్క మీద రాసి బుట్టలో వేస్తారు. ప్రేమరాజు ఒక్కొక్కటీ పైకి చదువుతాడు. అందరూ దానికోసం ప్రార్థిస్తారు.

"నువ్వేం రాస్తావులే, నీకన్నీ అమిరినాయిగా," అని ఐజక్ నవ్వాడు.

దయారాణి చేపల వాసన పోని చేత్తో చీటీ అందుకుంది. చుట్టూ చూసింది. హెప్సీ బ్యాడ్జీ మీద హెప్సీ అని ఉండదు. ప్రేమరాజు డిగ్రీ మీద ప్రేమరాజు అని ఉండదు. ఆ చాప మీద కూర్చున్న అందరికీ సర్టిఫికెట్ మీద ఒక పేరు, ఈ గదిలో ఒక పేరు. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్లం అందరమూ ఇక్కడే ఉన్నాం అనుకుంది. రాసి, మడిచి, బుట్టలో వేసింది.

మోకాళ్ల నొప్పుల చీటీ అయింది. వీసా రెన్యువల్ చీటీ అయింది. మూడోది విప్పి ప్రేమరాజు గొంతు సవరించుకున్నాడు.

"శ్యామలాదేవి అనే నర్సుకి కోటాలో సీటు వచ్చింది. అలాంటి మనిషి చేతికి రోగుల ప్రాణాలు అప్పగించవచ్చో లేదో ప్రార్థన చేసి చెప్పండి. మీ అందరికీ ఆ సీట్లు ఎలా వచ్చాయో కూడా..."

ఆయన అక్కడ ఆగిపోయాడు. ఐజక్ ఆమె వైపు తిరిగాడు. దయారాణి అప్పటికే తలమీద ముసుగు వేసుకుని, కళ్లు మూసుకుని ఉంది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కళ్లు మూసుకున్నారు. ప్రార్థన మొదలుపెట్టడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.