వాసన చూడని వైద్యుడు

ఉల్లికాడల బుట్ట అడుగున దాచి తెచ్చిన మందు పొట్లాన్ని గుయ్‌షియాంగ్ బల్ల మీద పెట్టి, అన్నగారి ముందుకు తోసింది.

“ఒక్కసారి వాసన చూడన్నయ్యా. అసలుదో ఉత్తుత్తిదో చెప్పెయ్. నేనెవరితోనూ అనన్లే.”

బోజౌ ఊరి మూలికల బజారులో ఆ అన్న, వైద్యుడు మియావ్ తెషెంగ్ కొట్టుకన్నా ఆయన ముక్కుకే పేరెక్కువ. వేరు ఏ కొండదో గుమ్మంలోంచే చెప్పగలడు. తాతల నాటి ఆయన గుండెనొప్పి మందును ఇప్పుడు ఊరి ఆసుపత్రివారు పరీక్షిస్తున్నారు. ఏళ్లుగా నొప్పితో బాధపడేవారిలో సగంమందికి అసలు పొడి, మిగతావారికి రంగూ చేదూ అలాగే ఉన్న ఉత్తుత్తి పొడి. ఎవరికేది అందిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. గుయ్‌షియాంగ్ కూడా ఆ రోగుల్లో ఒకతె. ఆసుపత్రి మాత్రలు మాత్రం ఎవరూ మానకూడదు.

తాతల పరువు బజారున పెట్టాడని తోటి వైద్యులు తెషెంగ్‌ను ఏకిపారేశారు. కానీ సమూలంగా మాన్పుతామనే బంగారు అక్షరాల బోర్డులు నమ్మి, ఆసుపత్రి ముఖం చూడక ప్రాణం మీదికి తెచ్చుకున్నవారిని ఆయన కళ్లారా చూశాడు. అలాంటి బోర్డు ఆయన కొట్టుకూ ఉంది. అదే ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

“మెట్లెక్కితే గుండె పట్టేస్తోంది. సొంతన్న మందు నాకే దక్కదా?” గుయ్‌షియాంగ్ కళ్లు తుడుచుకుంది.

చిన్నప్పుడు వీపున మోసిన చెల్లెలు. ఆయన చెయ్యి పొట్లం దాకా వెళ్లింది. అంతలో వెనక్కి తీసుకుని, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకున్నాడు.

“నువ్వు నా చెల్లెలివి, సరే. మిగతావాళ్లు ఎవరికీ ఏమీ కారా? నీకు చెబితే రేపు నూడుల్స్ కొట్టు ముసలాడొస్తాడు. ఇక పరీక్ష ఏం మిగుల్తుంది? లే, నొప్పి ఎక్కువైందని డాక్టరుకు చెబుదాం. నేనూ వస్తా.”

“ముందు ఆ ముక్కు వదులు, బాతులా మాట్లాడుతున్నావ్!” ఏడుస్తూనే నవ్వింది ఆవిడ.

ఆ రోజే డాక్టరు ఆమె మాత్రలు మార్చింది. పరీక్ష ముగిశాక అందరినీ పిలిచి ఫలితం చెప్పింది. అసలు పొడి తాగినవారికి నొప్పి రావడం కొంత తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు. గుయ్‌షియాంగ్ తాగింది ఉత్తుత్తిది.

అన్నగారు తల దించుకున్నాడు. ఆవిడ మాత్రం లేచి నిలబడింది.

“పొడి ఉత్తుత్తిదేమో గానీ చేదు మాత్రం అసలుదే తల్లీ! మాలాంటివాళ్లం అది తాగబట్టేగా మా అన్నయ్య మందు పనిచేసిందని మీకు తెలిసింది? ఈ పేరులో నాకూ వాటా ఉంది.” హాలంతా చప్పట్లు మోగాయి. తెషెంగ్ కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఆయన పాత బోర్డు దించి కొత్తది పెట్టాడు. ‘నొప్పి కొంత తగ్గును. ఆసుపత్రి మందు మానరాదు.’

“‘సమూలంగా’ పోయి ‘కొంత’కొచ్చిందా? తాతగారు చూస్తే ఏమనేవారో!” అన్నాడు పక్కకొట్టు వైద్యుడు.

తెషెంగ్ నిచ్చెన దిగి, బోర్డుకేసి తృప్తిగా చూశాడు. “గర్వపడేవాడయ్యా. ఆయన నమ్మింది నేను నిజమని చూపించాను. పరీక్షకు భయపడితే ఎంత పాత మందైనా ఒట్టి మాటే. నిలబడితే, కొంత తగ్గించినా అది మందే.”