చెంబు కింద రొట్టె

ఎద్దు అరిసెలు తింటుందని ఎవరనుకున్నారు, తిన్నది, మూతి నాక్కుని ఇంకా ఉన్నాయా అన్నట్టు మెడ కూడా చాచింది, పీడ పోయింది అనుకుంటూ ఈదయ్య ఖాళీ పళ్ళెం కడిగి గోడవార బోర్లించాడు, కోదాడ పళ్ళెం ఇదే, ఇదే అయి ఉండాలి, అరిసెలు అంత పల్చగా వత్తి రెండు వైపులా నువ్వులద్దేది ఆ దిక్కు వాళ్ళే, సూర్యాపేటలో ఎవరికంత తీరిక, ఇక మిగిలిన పళ్ళాలన్నీ మన పేటవి, ముట్టుకోవచ్చు, తినవచ్చు, ఒట్టుకు ఏ చిక్కూ లేదు. నిన్న క్రిస్మస్ ఆరాధన ముగించుకుని గుడి నుంచి వచ్చి తలపాగా విప్పాడో లేదో అచ్చమ్మ పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేర్చి మోసుకొచ్చింది, అచ్చమ్మ అంటే పక్కింట్లోనే ఉంటుంది, అతని పెళ్ళాం బాలమ్మకు పినతల్లి కూతురు, బాలమ్మ పోయినప్పటి నుంచి మిషను దొరసాని బంగళాలో బాలమ్మ చేసిన వంటపని కూడా ఆమెదే, నోరు కూడా ఆమెదే, ఏందే ఇన్ని అంటే, ఆడమనిషి లేని ఇల్లని పేటంతా పంపిన్రు బావా అంది, జాలి, ఆ జాలికే అతనికి ఒళ్ళు మండుతుంది, ఇందుల ఒకటి నీ బిడ్డది అని కూడా అంది, అమ్మ లేని పండుగని సాలమ్మ కోదాడ నుంచి వచ్చింది, మా ఇంట్ల దిగింది, నీ గడప తొక్కనియ్యవని దానికి ఎర్కనే, ఏదో జెప్పు, తీసి అవుతల పెడ్త అన్నాడతను, నేనెందుకు చెప్త, అంత పంతం ఉన్నోనివి నువ్వే ఏరుకో, అన్నిట్ల పండుగ వంటనే, అన్నిటి మీద తెల్లగుడ్డనే, అని నవ్వుకుంటూ గోడ అవతలికి పోయింది, నిన్నటి నుంచి అతను ఒక్క పళ్ళెమూ ముట్టలేదు, పండుగ పూట గంజి తాగి పడుకున్నాడు, ఇవాళ పొద్దున అరిసెలు చూశాక గానీ చిక్కుముడి విడలేదు.

పొయ్యి రాజుకోదు, కట్టెలు మంచుకు చెమ్మగిల్లాయి, ఊదితే పొగ, పొగకు కళ్ళలో నీళ్ళు, ఎవరైనా చూస్తే పెళ్ళాన్ని తలుచుకుని ఏడుస్తున్నాడనుకుంటారు, ఏడవలేదు, శ్రావణంలో జ్వరం తగిలి బాలమ్మ పోయిన రోజూ ఏడవలేదు, గుంట తవ్వే వాళ్ళకు గడ్డపార అందించాడు, తల్లి మట్టికి కూడా రాని బిడ్డ ఇప్పుడు పండుగకు వచ్చిందట, అప్పుడు గడబిడ ఉండె బావా, బస్సులు బంద్ ఉండె, తొవ్వల మీద రజాకార్లు ఉండిరి, పిల్ల ఎట్ల వస్తది అని అచ్చమ్మ వెనకేసుకొస్తుంది, నడిచి రావచ్చు గదా, కాళ్ళు లేవా అని అతను, అదిగో మళ్ళీ మిలిట్రీ లారీ, రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ విజయవాడ దిక్కు, ఇంతకుముందు లారీ చప్పుడైతే పేట తలుపులు మూసుకునేది, ఇప్పుడు తలుపులు తీసి చూస్తున్నారు, సాలమ్మ ఎక్కే బస్సు సాయంత్రం, పొద్దు వాలకముందే, ఎక్కనీ, పోనీ, అతనికేం.

డబల్ రొట్టె గట్టిపడింది, బంగళాలో మిగిలితే అచ్చమ్మ తెచ్చి ఇచ్చింది, కత్తిపీట మీద కోస్తే పొడి రాలుతోంది, బాలమ్మ అయితే పీట మీద కూర్చుని ఒకే మందాన ముక్కలు కోసేది, ప్రతి క్రిస్మస్ మర్నాడు ఇదే, మిగిలిన మాంసం కూర, మిగిలిన రొట్టె, దొరసాని దగ్గర నేర్చిన పని, కాకపోతే దొరసాని పొయ్యికి రొట్టె కాల్చే ఇనుప డబ్బా ఉంటుంది, ఈ ఇంట్లో ఏముంది, అందుకే బాలమ్మ ఇత్తడి చెంబు నిండా నిప్పులు పోసి రొట్టె నెత్తిన పెట్టేది, గుడికి వెళ్ళే ముందు అతని ధోవతి ఇస్త్రీ చేసే చెంబే అది, కింద పెనం కాలుస్తుంది, పైన చెంబు కాలుస్తుంది, తిప్పే పని లేదు, చూసిన వాళ్ళు నవ్వేవాళ్ళు, రొట్టెకు ఇస్త్రీ చేస్తున్నవా బాలీ అని, మడత నలగొద్దు గదా అనేది బాలమ్మ, దేనికైనా ఒక మాట ఉండేది దాని దగ్గర. కూర మీద కొవ్వు తెల్లగా పేరుకుంది, దాన్ని గరిటెతో తీసి రొట్టెకు రాశాడు, ముక్కల్ని ఎముక నుంచి విడదీసి నీరు ఇంకేదాకా పెనం మీద వేపాడు, ఉల్లిగడ్డ తరిగి కలిపాడు, రెండు రొట్టె ముక్కల మధ్య పరిచాడు, చెంబులో నిప్పులు పోస్తుంటే ఒకటి జారి కాలి మీద పడింది, తిట్టాడు, ఎవర్ని తిట్టాడో తెలియదు, చెంబునో, సత్యానందాన్నో, సత్యానందం అంటే ఆ అల్లుడు, కోదాడలో బడిపంతులు, వాడి గుడిలో నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మం అయిపోయినట్టే, ఈదయ్య తండ్రి మూసీలో పీకల్లోతు నీళ్ళలో మునిగి లేచిన మనిషి, అతను మునిగాడు, బాలమ్మ మునిగింది, సాలమ్మను తానే చెయ్యి పట్టుకుని ఏట్లోకి దింపాడు, పిల్ల చలికి గడగడ వణికింది, గట్టు మీద తన కండువా కప్పాడు, ఆ పిల్లే కోదాడ పోయి ఆ చుక్కల కింద మళ్ళీ తల వంచింది, అంటే మూసీ నీళ్ళు ఉత్తవా, తండ్రి పట్టుకున్న చెయ్యి ఉత్తదా, ఆ ఆదివారం గుడి ముందర అందరూ వింటుండగా అన్నాడు, ఆ ఇంటి మెతుకు నా నోట్లె పడితే నేను ఈదయ్యను కాను, బాలమ్మ అప్పుడు ఒక్క మాట అనలేదు, కొంగు సర్దుకుని ఇంటికి నడిచింది, అంతే, దేనికైనా మాట ఉండే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు, అది అప్పుడు అతనికి ఒప్పుకోలులా కనిపించింది.

మాడిన వాసన, చెంబు దించేసరికి పైముక్క బొగ్గు, కింది ముక్కా మాడింది, లేచి వాకిట్లోకి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, ఎద్దుకు నీళ్ళు పెట్టాడు, పెట్టిన సంగతి మరిచి మళ్ళీ పెట్టబోయాడు, గోడ అవతల ఎవరో నవ్వారు, అచ్చమ్మ నవ్వు కాదు, చిన్న గొంతు, వినలేదు అనుకున్నాడు, మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్నాడు, మాడిన పెచ్చు గీకి కొరికాడు, మాంసం ఉంది, ఉప్పుంది, కారముంది, ఏదో లేదు, బాలమ్మ చేసింది ఇట్లా ఉండేది కాదు, అంతకుముందు ఏళ్ళ సంగతి వేరు, పోయినేడు చేసింది మాత్రం, అబ్బ, కొరకగానే ముక్కులోకి సర్రున ఎక్కి కళ్ళు చెమర్చి మళ్ళీ నోరూరింది, ఏందే ఇది, కొత్త రుచి, ఏం కలిపినవ్ అని అడిగాడు, తినుండ్రి, దొరసాని గిట్లనే తింటది, మాంసంల ఆవపిండి పూసుకొని అంది బాలమ్మ, తెల్లోళ్ళ నాలుకే నాలుక అని మెచ్చుకుని రెండోది కూడా తిన్నాడు, మూడోది అడిగాడు, బాలమ్మ చెంబు మీద నుంచి తలెత్తకుండా నవ్వింది.

ఆవపిండి ఇప్పుడు ఎక్కడ, పేటలో తొక్కులకు అల్లం, ఎల్లిగడ్డ, మెంతిపిండి, ఆవపిండి ఎవరూ వేయరు, పోనీ ఏదో ఒక తొక్కు అని మిగిలిన పళ్ళాల మీది గుడ్డలు తీసి చూశాడు, ఒక పళ్ళెంలో కూర గిన్నె పక్కన చిన్న మట్టిముంత, ఆకుతో మూతి కట్టి ఉంది, మత్తయ్య ఇంటిది అయ్యుంటుంది, సంఘపెద్ద గదా, వాళ్ళింట్లో అన్నీ పద్ధతిగా కడతారు, విప్పితే ఉసిరికాయ తొక్కు, గింజ తీసి మెత్తగా నూరింది, ఎర్రగా, నూనె తేలుతూ, వేలితో తీసి ఈసారి రొట్టెకు లోపలి వైపు పూశాడు, మాంసం పెట్టాడు, రెండో ముక్కతో మూశాడు, అట్లాంటివే రెండు చేశాడు, చెంబులో నిప్పులు కాస్త తగ్గించాడు, పెనం చిటపటలాడింది, కొవ్వు కరిగి అంచుల్లోంచి జారింది, వాసన లేచింది, వాసనకే చెయ్యి ఆగింది.

కొరికాడు. ముక్కులోకి సర్రున ఎక్కింది, కళ్ళు చెమర్చాయి, ఇది పొగ కాదు, ఇదే, పోయినేటిది ఇదే, ఆవఘాటు, దాని వెనక ఉసిరి పులుపు, ఆ పులుపు వెనక చిన్న తీపి, దొరసాని ఉసిరికాయ తింటుందా, దొరసానికి ఉసిరికాయ అంటే తెలుసా, పోయినేడు ఈ మాట ఎందుకు తోచలేదు, అచ్చీ, అచ్చమ్మా అని గోడ మీదికి కేక వేశాడు, అచ్చమ్మ తల లేచింది, ఏంది బావా, ఇల్లు కాల్చుకుంటున్నవా, మాడువాసన మా దాకా వచ్చింది, ఈ ముంత ఎవలది, మత్తయ్యదేనా అన్నాడతను, మత్తయ్యకు ముంతలెక్కడివి, ఆయన ఇంటికెల్లి వచ్చినయి అరిసెలు, కొత్త కోడలు నందిగామ పిల్ల, మస్తు పల్చగ చేస్తది, తిన్నవా మరి, ఎద్దు తిన్నది అన్నాడు ఈదయ్య, అచ్చమ్మ గోడ పట్టుకుని నవ్వింది, లోపలికి తిరిగి ఎవరికో చెప్పింది, అరిసెలు ఎద్దు తిన్నదట, లోపలి చిన్న గొంతు మళ్ళీ నవ్వబోయి ఆగిపోయింది, అచ్చమ్మ ఇటు తిరిగింది, ముంత కోదాడదే బావా, పోయినేడు సుత గిదే ముంత, సాలమ్మ అత్త నూరుతది, అక్కకు మస్తు ఇష్టం, నీకు ఎర్కలేదా, పోయినేడు పండుగ నాడు నువ్వు మిర్యాలగూడల వడ్లు దించి తెల్లారి గాని రాలేదు, సాలమ్మ వచ్చి బంగళా వంటింట్ల అక్కకు ఇచ్చి పోయింది, అని ఇంకేదో అనబోయి అతని మొహం చూసి తగ్గింది, సరే తియ్యి, బస్సు వేళ అయితుంది, పళ్ళెం ఇయ్యి, పిల్ల తీస్కపోవాలె.

మిర్యాలగూడ, అతను మిర్యాలగూడకు బండి కట్టినప్పుడల్లా, వెళ్ళి వచ్చేసరికి బాలమ్మ మొహం కడిగిన పళ్ళెంలా తేటగా ఉండేది, మగడు వచ్చాడన్న సంతోషం అనుకునేవాడు, బిడ్డను చూసిన సంతోషం అది, పిచ్చోడు, మోసం, ఇది మోసమే, గుడి ముందర పదిమంది విన్న ఒట్టు, పోయినేడే, ఈ పొయ్యి దగ్గరే, రెండు తిని మూడోది అడిగాడే, ఆ ఇంటి తొక్కు వేలు నాకి మరీ తిన్నాడే, బాలమ్మ చూస్తూ కూర్చుందే, నవ్విందే, చచ్చిపోయి తప్పించుకుంది గానీ లేకుంటే ఇప్పుడు, ఇప్పుడు ఏం చేసేవాడు, ఏం చేయగలడు, రొట్టె ఇంకా చేతిలోనే ఉంది, ఉమ్మలేదు, అది గమనించాడు, నోట్లో ముద్ద ఎప్పుడో గొంతు దిగిపోయింది, ఒట్టు తెగి ఏడాది అయింది, ఆకాశం విరిగి మీద పడలేదు, అతను ఈదయ్యగానే బండి తోలాడు, ఈదయ్యగానే గుడిలో ముందు వరుసలో కూర్చున్నాడు, మీసం తిప్పాడు, ఆ మీసం నిలబెట్టడానికి బాలమ్మ దొరసాని మీద అబద్ధం ఆడింది, పంతం అతనికే ఉంచింది, బిడ్డ చేతిది అతని నోట్లో పెట్టింది, రెండూ చేసింది, ఒక్క మాట అనలేదు.

బావా, పళ్ళెం, అని మళ్ళీ అచ్చమ్మ, రోడ్డు మీద బస్సు హారన్ ఎక్కడో దూరంగా, వచ్చేది ఒక పళ్ళెం, పోయేది ఉత్త పళ్ళెం కాకూడదు, పేటలో ఎవరూ ఉత్త పళ్ళెం తిప్పి పంపరు, బాలమ్మ అయితే చావనైనా చస్తుంది గానీ పంపదు, పెనం మీద రెండో రొట్టె ఉంది, ఇది మాడలేదు, అంచులు ఎర్రగా కాలాయి, దాన్ని తీసి కోదాడ పళ్ళెంలో పెట్టాడు, తొక్కు గిన్నెలోకి తీసి ముంత కడిగి పక్కన పెట్టాడు, తెల్లగుడ్డ కప్పబోతే చేతి మసి గుడ్డకు అంటుకుంది, తుడిస్తే ఇంకా అంటుకుంది, ఉండనీ అనుకుని, ఆగమను, నేనే తెస్త అన్నాడు, పళ్ళెం పట్టుకుని గడప దాటుతుంటే కింద నుంచి వేడి అరచేతికి తగిలింది, క్షమించానని అనలేడు, క్షమించలేదు, ఆ చుక్కల సంగతి చుక్కల సంగతే, కానీ బాలమ్మ బిడ్డను కలిసింది, అచ్చమ్మ కలిసింది, ముంత వచ్చింది, ఉట్టి ముంత తిరిగి పోలేదు, ఇన్నాళ్ళూ బిడ్డను ఇంటి బయట నిలబెట్టానని అనుకున్నాడు, నిలబడింది తానొక్కడే.