మైలుతుత్తం

సమకాలీన కళ సమస్తమూ, దాని వేదనతోనూ తిరుగుబాటుతోనూ సహా, చింతగింజ పొట్టు శుభ్రంగా ఊడటం మీద ఆధారపడి ఉన్నది. ఈ సత్యాన్ని ఏ కళాశాలలోనూ బోధించరు. ములకలపల్లిలో మా పెరటి పొయ్యి దగ్గర కూర్చుని, పద్నాలుగేళ్ల పరిశోధనతో నేనే కనుగొన్నాను. గింజలు దోరగా వేయించాలి, నానబెట్టాలి, పొట్టు ఒక్కొక్కదానికీ గోటితో ఒలవాలి. పొట్టు మిగిలితే జిగురు నల్లబడుతుంది. జిగురు నల్లబడితే మా ఆయన మనసు నల్లబడుతుంది. ఆ పూటకిక కళ ఉండదు, కూరలో ఉప్పును గురించిన విమర్శ మాత్రమే ఉంటుంది.

మా ఆయన వెంకటరామారావుగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. వారి తండ్రిగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పొగాకు పండించారు. మా ఆయన అడవి అంచుకు వచ్చి ఆవేదన పండించారు. నీటిరంగులూ మట్టిబొమ్మలూ దాటి ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న రోజుల్లో, నేను చాటకు కాగితపు గుజ్జు అలుకుతుంటే చూసి వారికి జ్ఞానోదయమైంది. మా నేలకొండపల్లిలో ఆడవాళ్లంతా చేసే పనే అది. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో రుబ్బి, చాటకు పూసి, సందులు పూడేలా మూడు వేళ్లతో ఒత్తడం. ఆ గుజ్జే ప్లైవుడ్ మీదికెక్కి, చింతగింజల జిగురూ ఇల్లందు బొగ్గుపొడీ కలుపుకొని, ‘అరణ్యఘోష’ అయింది. రుబ్బేది నేను, పూసేది నేను, ఒత్తేది నేను. కొండ ఎక్కడ ఉబ్బాలో, మనిషి ఎక్కడ కుంగాలో వారు కుర్చీలోంచి బెత్తంతో చూపేవారు. పూర్తయ్యాక, అడుగున ప్రత్యేకం ఖాళీగా ఉంచిన జానెడు చెక్క మీద, స్కూలు గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఎనామిల్‌తో సంతకం పెట్టేవారు.

“మావాడు బొమ్మ మీద కూచున్నాడు, చప్పుడు కాకుండా రుబ్బుకో అమ్మాయ్” అనేవారు అత్తగారు పద్మావతమ్మగారు. చప్పుడు కాకుండా రుబ్బే విద్య నాకు ఇంకా పట్టుబడలేదు.

ఒక సంగతి మిగిలింది. మొదటి బొమ్మకు పురుగు పట్టినప్పుడు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేను పక్కింటి సైదమ్మ చేత మైలుతుత్తం తెప్పించాను. జిగురు దించబోయే ముందు ఆ నీలం పలుకులు చిటికెడు వేస్తే, విషమని పురుగు దరికి రాదు. ఆ తర్వాత ఏ బొమ్మా చెడలేదు. డబ్బా పొయ్యి పైన గూట్లో, వారి కళ్ల ఎత్తులోనే ఉండేది. అదేమిటని వారెన్నడూ అడగలేదు.

ఎనభై తొమ్మిదిలో హైదరాబాదు నుంచి ఇద్దరు పెద్దమనుషులు బొమ్మలు చూడవచ్చారు. ఒకాయన భూతద్దం పెట్టి చూసి, “ఈ వేళ్ల జాడలో ఆదిమ మానవుడి ఒంటరితనం ఉంది. ఇంత ఒంటరిగా ఎలా ఉండగలుగుతున్నారు మాస్టారూ?” అన్నాడు.

“అలవాటైపోయిందండీ” అన్నారు మా ఆయన, తల వంచుకుని.

నేను టీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. పళ్లెం అంచున నా ఆదిమ వేళ్లు మూడూ కాలుతున్నాయి.

తమ గ్యాలరీ గోడకు ఎనిమిదడుగుల కొత్త ‘అరణ్యఘోష’ కావాలనీ, కింద పేరు చెక్కించి శాశ్వతంగా ఉంచుతామనీ చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగాను.

“ఆ పేరు పక్కన నా పేరు కూడా పెట్టమంటారా?”

“ఏ పేరు?”

“ప్రమీలారాణి.”

నా పేరు వారు మరిచిపోలేదు. నేనడిగినది తమకు సరిగా వినబడలేదేమో అనుకున్నారంతే. “జిగురు కాచినందుకు పేరా? రేపు చెక్క కోసిన జైరాం కూడా అడుగుతాడు.”

“జైరాంకు కూలి ఇచ్చారుగా.”

అత్తగారు మజ్జిగ కలుపుకోవడం ఆపారు. “ఉడకబెట్టడమూ పులమడమేగా, ఈసారి నేనే చేసుకుంటాలే” అన్నారు మా ఆయన.

చేసుకున్నారు. బడికి సెలవు పెట్టి మరీ చేసుకున్నారు. మొదటిరోజే చింతగింజలు పొట్టుతోనే రుబ్బి, “కలిపేది బొగ్గుపొడి గదా, జిగురు నల్లగా ఉంటే నష్టమేంటి?” అన్నారు. నిజమే, నష్టమేమీ లేదు. పద్నాలుగేళ్ల నా గోళ్లు ఆ మాట విన్నాయి. కళకు మూలస్తంభమనుకున్నది ఆ పూట అలా కూలిపోయింది.

గోడ మీదుగా చూస్తున్న పక్కింటి సైదమ్మ గుసగుసలాడింది. “అక్కా, సారు నీలం మందు ఏస్తలేడు. చెప్పవా ఏంది?”

“అడిగితే చెప్త.”

“మొగోడు అడుగుతడా?”

“నోరుంది గదనే. హైదరాబాదోళ్లతోని గంటసేపు మాట్లాడిండు.”

సైదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెప్పకుండా ఉండటం ఎంత పనో ఆ వారంలో తెలిసింది. జిగురు పొంగిన ప్రతిసారీ నా కాళ్లు వాటంతట అవే లేచేవి, చెయ్యి గూటివైపు పోయేది. వారి చొక్కా గుండీ ఊడితే నాకే ముందు తెలుస్తుంది, వారికి దగ్గు రాకముందే నేను మిరియాలు నూరతాను. అలాంటిదాన్ని, పొయ్యి ముందు వారు తడుముకుంటుంటే, తీరిగ్గా కూర్చుని మెంతికూర వలిచాను. డబ్బాను దాచలేదు. గుడ్డతో తుడిచి, నీళ్ల చెంబు పక్కనే పెట్టాను కూడా. వారు చెంబు తీసుకుని నీళ్లు తాగి, డబ్బాను పక్కకు జరిపారు.

బొమ్మ లారీ ఎక్కింది. పేరు చెక్కారు. ఒక్క పేరే.

రెండు వానాకాలాలు గడిచాక గ్యాలరీ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడు నేను వసారాలో, రెండడుగుల చెక్క మీద నా కోసం గుజ్జు ఒత్తుకుంటున్నాను. డబ్బా నా మోకాలి పక్కనే ఉంది. వారు ఉత్తరం సగం చదివి, నిలబడే ఉండి, నావైపు చూశారు.

“ప్రమీలా, నువ్వు జిగురులో ఏమన్నా కలిపేదానివా?”

“చెప్తాను. ముందు ఉత్తరం మొత్తం చదవండి.”

చదివారు. గుజ్జంతా పురుగు తినేసిందట. కొండలూ మనుషులూ ఏమీ మిగలలేదట. అడుగున జానెడు చెక్క మీద, వారి సంతకం ఒక్కటీ నిగనిగలాడుతూ ఉన్నదట.

ఎనామిల్‌ను పురుగులు తినవు.