సభ్యురాలు హాజరు కాలేదు

రుక్మాబాయి జొన్నరొట్టె చరుస్తుంటే బాపురావు వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కాగితం చదువుతున్నాడు. "పదకొండు ప్రశ్నలు. రెండు ఉపన్యాసాలు. ఒక తీర్మానం. తక్కువేం కాదు. ఇగో, కింద ఒక్క సంతకం పెట్టు, చాలు. రేపు బోధన్ సభల పంచుతం."

పెళ్లాం లోక్‌సభలో వెలగబెట్టిన ఐదేళ్ల లెక్కను ఆయన ఢిల్లీకి రాసి మరీ తెప్పించుకున్నాడు. ఎందుకయ్యా అంటే, ఇప్పుడు పంచాయతీ సమితి అధ్యక్ష పదవికి తానే నిలబడుతున్నాడు. ఇన్నాళ్లకు ఆమె పేరు మళ్లీ అక్కరకొచ్చింది!

యాభై ఏడులో పార్టీవాళ్లు ఈసారి ఆడమనిషినే నిలబెట్టాలన్నప్పుడు ఆయనే ఆమెను నిలబెట్టాడు. "పేరు నీది, పని నాది" అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. చెరుకు ధర గురించి, చక్కెర మోసే రైలు డబ్బాల గురించి పదకొండు ప్రశ్నలూ ఆయన రాసి పంపితే ఆమె సంతకాలు చేసింది, ఉపన్యాసాలూ ఆయన రాసినవే చదివింది. అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ "మా కోడలు ఢిల్లీకి పోతది గని పప్పుల ఉప్పెయ్య మరుస్తది" అని నవ్వేది. వాళ్లూ నవ్వేవాళ్లు. ఢిల్లీ నుంచి దిగిన గంటకే పొయ్యి ముట్టించేది రుక్మాబాయి. అంత పెద్ద సభలో కూర్చుని వచ్చినా ఇంట్లో ఆమె కూర్చుని తిన్న పూట లేదు.

ఆ తీర్మానం ఒక్కటే ఆమె సొంతం. రుక్మాబాయి వాళ్ల తోటలోనే చెరుకు కొడుతూ, కూలికొచ్చిన నాగవ్వ అక్కడే ప్రసవించింది. చేతిలో ఉన్న కొడవలితోనే బొడ్డు కోసుకుంది. నాలుగోనాడు మళ్లీ కోతకు వచ్చింది. పన్నెండోనాడు పసిగుడ్డు పోయింది. ఆ సంగతి విన్నాకే రుక్మాబాయి కాగితం ముందు పెట్టుకుంది. కాన్పయిన కూలి ఆడవాళ్లకు నెలరోజులు ఇంటిదగ్గర ఉంచి కూలి ఇవ్వాలని తన చేత్తో తానే రాసింది, ఢిల్లీలో మాట్లాడతానని నాగవ్వకూ చెప్పింది. ఇలాంటి తీర్మానాలకు సభలో చీట్లు తీస్తారు, ఎవరి పేరు వస్తే వాళ్లే మాట్లాడాలి. ఐదేళ్లలో ఒక్కసారి ఆమె చీటీ వచ్చింది. శుక్రవారం మాట్లాడాలి. సంబరం పట్టలేక ఇంటికి ఉత్తరం రాసింది. అదీ ఆమె చేసిన తప్పు.

బుధవారం టెలిగ్రాం వచ్చింది, అమ్మకు సీరియస్, వెంటనే బయల్దేరు అని. శుక్రవారం సభలో ఆమె పేరు పిలిచేవేళకు ఆమె రైల్లో ఉంది, అత్తగారి ప్రాణం తాను చేరేదాకా నిలవాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ. తీరా ఇంటికొస్తే ఆవిడ అరుగు మీద కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తోంది. "వస్తివా? పెద్దమనుషులు తిననీకె వస్తున్నరు, జల్ది పొయ్యి ముట్టియ్యి" అంది. బాపురావు పెరట్లోకి పిలిచి చెప్పాడు. "కూలోళ్లకు కూసోబెట్టి కూలియ్యమంటవా? రేపు చెరుకు రైతులంత నా మొగం మీద ఉమ్మేస్తరు." ఆ పూట ఇరవైమందికి వండింది. ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

అరవై రెండులో టికెట్టు రాలేదు. ఆ కథ ముగిసింది.

రొట్టె పెనం మీద వేసి, చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. "సభ్యురాలు హాజరు కాలేదు, తీర్మానం ప్రవేశపెట్టలేదు" అని ఢిల్లీవాళ్లు రాసింది కొట్టేసి ఉంది. పైన బాపురావు చేతిరాత: "కూలి మహిళల కోసం లోక్‌సభలో పోరాడినారు."

"ఇది అబద్ధం కద" అంది.

"పదేండ్ల కిందటి ముచ్చట ఎవడు సూడబోయిండే? పెట్టు." అంతలో వాకిట్లో అడుగుల చప్పుడు వినబడి ఆయన గొంతు పెంచాడు. "రా నాగవ్వా! రేపు సభల నిలబడి అమ్మ మీ కోసం కొట్లాడిందని నాలుగు మాటలు చెప్తవా?"

నాగవ్వ నడుం ఒంగిపోయి ఉంది. మొహం మాత్రం వెలిగిపోయింది. "చెప్పనా మరి! ఒక్కతల్లే కద పటేలా మమ్ముల తలుసుకున్నది."

రుక్మాబాయికి తల కొట్టేసినట్టయింది. మొగుడు అబద్ధం ఇప్పుడు రాశాడు. తాను పదేళ్లుగా చెబుతోంది. కోతల కాలం వచ్చినప్పుడల్లా నాగవ్వ ఇదే వాకిట్లో నిలబడి "ఢిల్లీల మన ముచ్చట ఏమాయెనమ్మా" అని అడిగేది. నోరు రాక, పరువు అడ్డొచ్చి, "మాట్లాడిన, చూస్తమన్నరు" అనేది తను. ఆ టెలిగ్రాం ఇచ్చింది బాపురావే. ఈ అబద్ధం చెప్పమని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నాగవ్వా, నేను మాట్లాడలే" అంది.

"ఏందమ్మా?"

"నీ మాట ఆడ ఎవ్వరికీ చెప్పలే. నా పేరు పిలిచినప్పుడు నేను లేను. చూస్తమని ఎవ్వరూ అనలే. నీకు అబద్ధం చెప్పిన."

బాపురావు కుర్చీలోంచి లేచాడు. "నోరు మూసుకుంటవా లేదా?"

"పదేండ్లు మూసుకునే ఉన్న." ఆమె కాగితం సంతకం లేకుండానే ఆయన చేతిలో పెట్టింది. "రేపు సభకు నేనొస్త. ఈ ముచ్చట ఆడ గూడ చెప్త."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. నాగవ్వ తిడుతుందనుకుంది రుక్మాబాయి. తిడితే బాగుండుననుకుంది. నాగవ్వ మాత్రం మెల్లగా గోడ పట్టుకుని కూర్చుంది.

"నా బిడ్డ ఎల్లవ్వకు ఏడో నెలమ్మా. పానం బాగలేదు, కోతకు పోనే అవ్వా అని పొద్దుగాల ఏడ్సింది. అమ్మ ఢిల్లీల మాట్లాడింది, నీ కాన్పు అయ్యేటాళ్లకు ఇంటికాడ కూసున్న నెల కూలి మనదాంక వస్తది, గప్పటిదాంక పోవాలె బిడ్డా అని, నేనే కొడవలి చేతికిచ్చి తోలిన."