నూటా నలభై వెంకన్నలు, ఒక చెత్తబుట్ట

ఇదిగో, కంప్యూటరు కొన్న రోజే దాని ముందర టెంకాయ కొట్టిన పెద్దమనిషీ, నిన్నే! అటూ ఇటూ చూడకు. ఈ కథ నీ వంశానిదే. ముందు ముక్కుకు తువ్వాలు కట్టుకో, తర్వాత విను.

రెండువేల రెండులో తిరుపతిలో తిరుమలయ్యకు పెళ్ళికార్డుల అంగడి ఉండేది. అందులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని కార్డులు తయారుచేసేది భానుశ్రీ. ఆ యంత్రాన్ని ముట్టుకోవాలంటేనే ఆమెకు రోత. తిరుమలయ్య రోజూ దానికి పూజ చేస్తాడు. చేసినవాడు తుడవడు. కీబోర్డు సందుల్లో కుంకుమా టెంకాయ నీళ్ళూ కలిసి పుండు మీది చెక్కులా గడ్డకట్టి ఉంటాయి. శుక్రవారం వేసిన బంతిపూల మాల బుధవారానికి కుళ్ళి, ఆ రసం మానిటరు తెర మీదికి కారుతుంది. మౌసుకు పెట్టిన గంధం జిగురై అరచేతికి అంటుకుంటుంది. ఒకనాడు కంప్యూటరు డబ్బా వెనక చెయ్యి పెడితే వేళ్ళు మెత్తగా దిగబడ్డాయి. ఎప్పటి నైవేద్యమో, అరటిపండు జారిపడి నల్లగా జావగారి ఉంది. నెల రోజులుగా వస్తున్న కంపు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి అన్నం ముద్దలో కూడా ఆమెకు ఆ వాసనే.

బయట ఇలా ఉంటే లోపల ఇంకా ఘోరం. ఒక పెళ్ళికి వేసిన స్వామి బొమ్మ ఇంకో పెళ్ళికి ఎంగిలి అంటాడు తిరుమలయ్య. అందుకని కార్డు కార్డుకూ వెంకటేశ్వరస్వామిని మళ్ళీ స్కాన్ చెయ్యాలి. పని అయ్యాక తీసేద్దామంటే ఒప్పుకోడు. అదే ముఖం, అదే నామం, నూటా నలభై మంది వెంకన్నలు సర్వదర్శనం క్యూలా డిస్కునిండా నిలబడి ఉన్నారు.

ఆ రోజు పలమనేరు రాజారత్నం కూతురి పెళ్ళికార్డు. నమూనా చేతికి తీసుకుని ఆయన నాలుగు గంటల బస్సు ఎక్కాలి. "ఈ కార్డు కూడా టైముకు ఇయ్యకపోతే రేపట్నించి నువ్వు రావద్దు" అని తిరుమలయ్య పొద్దున్నే భానుతో తేల్చేశాడు. రెండున్నరకు కార్డు తయారైంది. సేవ్ చెయ్యబోతే డిస్కులో చోటు లేదంది కంప్యూటరు. ప్రింటు కొట్టబోతే అదీ కాదంది. బెంచీ మీద రాజారత్నం గడియారం చూస్తున్నాడు.

"పాత స్వామి బొమ్మలు కొన్ని తీసేస్తాను సార్."

"తీసేస్తే యాడికి పోతాయి?"

"రీసైకిల్ బిన్‌లోకి."

"అంటే చెత్తబుట్టే గదా! ఏడుకొండలవాడిని చెత్తలో ఏస్తావా పాపా? నా అంగట్లోనా? కండ్లు పోతాయి!"

మూలన వక్కాకు నములుతున్న మునస్వామి కిసుక్కున నవ్వాడు. ఆయన భానుకు మేనమామ. పక్కనే సైకిలు షాపు. అయిదో తరగతితో బడికి దండం పెట్టి, అప్పట్నుంచీ వీధంతటినీ ఆటపట్టించడమే చదువుగా పెట్టుకున్నవాడు.

"తిరుమలయ్యప్పా, దేవుడి పటం పగిలితే ఏం జేస్తావు?"

"నీళ్ళల్లో వదుల్తాను."

"దీంట్లో కూడా నీళ్ళు ఉండాయి గదప్పా! మా భాను సెప్పలేదా? స్వర్ణముఖి అని ఉంటాది. నిజం ఏట్లో ఇసక తప్ప ఏమీ లేదు గానీ, దీంట్లో నిండుగా పారతా ఉండాది. నువ్వు పోయి టీ తాగిరా, పాప తెరిచి పెడతాది."

తిరుమలయ్య గడప దాటగానే మామ భాను చెవిలో ఉపాయం ఊదాడు. వక్కాకు తుంపర్లు ఆమె మెడ మీద పడ్డాయి.

"ఛీ, దూరంగా ఉండి సెప్పు మామా!"

ఆమె మెడ తుడుచుకుంది. భక్తి, అబద్ధం, ఉమ్మి ఒకే గిన్నెలో కలిపి తాగమన్నట్టు ఉంది ఆమెకు. కానీ మూడు కావస్తోంది. కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న చిట్కాతో చెత్తబుట్ట పేరు తీసి 'స్వర్ణముఖి' అని పెట్టింది. బుట్ట బొమ్మ స్థానంలో అలల బొమ్మ పెట్టింది.

తిరుమలయ్య వచ్చి, చేతులు కడుక్కుని, ఆ తడి కీబోర్డు మీద చిలకరించాడు. "గోవిందా" అంటూ ఒక్కొక్క స్వామినీ లాగి అలల్లో వదిలాడు. కన్నీళ్ళూ చీమిడీ కలిసి మౌసు మీదికి జారుతున్నాయి. రేపు మళ్ళీ ఆ మౌసే పట్టుకోవాలని తలుచుకుని భాను మొహం తిప్పుకుంది.

నూటా నలభై అయ్యాయి. చోటు మాత్రం రాలేదు. రాజారత్నం లేచి నిలబడ్డాడు.

"గేటు ఎత్తాలప్పా," అన్నాడు మునస్వామి. "నీళ్ళు కిందికి పారితేనే గదా!"

భాను ఖాళీ చెయ్యమని నొక్కింది. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది.

"ఏమంటాది?" అని అడిగాడు తిరుమలయ్య.

"గంగమ్మ అడగతా ఉండాదప్పా, సాగనంపేదా నాయనా అని. ఊ అను."

తిరుమలయ్య కళ్ళు మూసుకుని "ఊ" అన్నాడు.

సగం డిస్కు ఖాళీ అయింది. నమూనా బయటికొచ్చింది. రాజారత్నం దాన్ని చంకలో పెట్టుకుని బస్టాండుకు పరుగెత్తాడు. ఉద్యోగం నిలిచిందని భాను ఊపిరి పీల్చుకుంది. పీల్చాక ఎందుకు పీల్చానా అనుకుంది.

మునస్వామి ఇక ఆపుకోలేకపోయాడు. పొట్ట పట్టుకుని బెంచీ మీద దొర్లాడు.

"తిరుమలయ్యప్పా! నూటా నలభై మంది స్వాములను నీ చేత్తోనే చెత్తలో పోసినావు పో! అది ఏరూ గాదు గీరూ గాదు, ఆ చెత్తబుట్టే!"

తిరుమలయ్య తొణకలేదు. తువ్వాలుతో ముక్కు చీదుకున్నాడు.

"తెలుసప్పా. ఇరవై ఏండ్లుగా ఇంగ్లీషు కార్డులకు ప్రూఫు దిద్దేది ఎవరనుకుంటివి? ఈ నూటా నలభై తుడిచేసేదా అని ఉన్నింది ఆడ."

"మరి ఊ అని ఎందుకంటివి?"

"నాకూ ఎప్పుడో తీసెయ్యాలనే ఉన్నింది. తెలిసి తీస్తే పాపం నాది. ఎవడో మోసం జేసి తీయిస్తే పాపం వాడిది. అట్లాంటోడు యాడ దొరుకుతాడా అని రెండేండ్లుగా సూస్తా ఉండాను."

భానుకు ఇద్దరి దగ్గరా ఒకే వాసన వచ్చింది. డబ్బా వెనక అరటిపండే నయం అనిపించింది.

మునస్వామి నవ్వు సగంలో నిలిచిపోయింది. "అంటే... పాపం నా మిందనా?"

"నీ మిందనే. పోయి కొండెక్కు. గుండు ఒక్కటి సాలదు మునస్వామీ, నూటా నలభై గదా!"